రెండు గీతల ట్యాపు

మదనపల్లె పట్టణం, బెంగళూరు రోడ్డు పక్క సందులో అలావుద్దీన్ ఇంజనీరింగ్ వర్క్స్ నడుపుతున్న షేక్ అజ్మల్ అనే నేను, చనిపోయిన షేక్ దస్తగిరి గారి రెండో కొడుకును, వయసు ఇరవై ఎనిమిది, ఈ కాగితాలు నా చేత్తో, పట్టపగలు, షాపు బల్ల మీద కూర్చుని రాస్తాండాను.

నాకు తల సరిగ్గా ఉండాది. చెడిపోయింది గుండెలో ఒక వాల్వు మాత్రమే. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరంతో ఆ వాల్వు కూర్చోవాల్సిన చోట గట్టిగా కూర్చోకుండా పోయిందని డాక్టరు చెప్పినాడు. ఆయన బొమ్మ గీసి చూపించక ముందే నాకు అర్థమైంది. కారే వాల్వులు నేను చాలా చూసినాను. వచ్చే గురువారం బెంగళూరులో దాన్ని మారుస్తారు. నూటికి తొంభై ఆరుమంది లేచి ఇంటికి పోతారంట. మిగిలిన నలుగురిలో నేనుంటే ఏమేం జరగాలో చెప్పేదే ఈ వీలునామా.

ఇది రాయమని ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. వద్దని మాత్రం అందరూ బలవంతం చేసినారు. "ఆపరేషన్‌కు పోయేటోడు దువా చేసుకుంటాడు గానీ దస్తావేజు రాసుకుంటాడా" అని మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మా, దువా నువ్వు చెయ్. దస్తావేజు నేను రాస్తాను. పని పంచుకుందాం.

చట్టం సంగతి నేను చదువుకునే రాస్తాండాను. బస్టాండులో, మీటింగుల బయట గోనెపట్ట మీద అమ్మే పలచటి పుస్తకాలు నా దగ్గర నూట ముప్పైదాకా ఉండాయి. వాటిల్లో రెండు వీలునామాల గురించినవే. మా ముస్లింల పద్ధతిలో బయటివాళ్లకు ఆస్తిలో మూడో వంతుకు మించి రాయకూడదు. వారసులకు రాసేది మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. కాబట్టి నా వారసులైన అమ్మకు, అన్నకు, చెల్లెలికి రాసిన మొదటి మూడు అంశాలను నా కోరిక అనుకోండి. కాదంటే మీ ఇష్టం. ఆరో అంశం మాత్రం కోరిక కాదు. అది మూడో వంతు లోపలే ఉండాది, కొలిచి రాసినాను, దాన్ని కదిలించే హక్కు ఈ భూమ్మీద ఎవరికీ లేదు. ఉమరన్నా, ఈ వాక్యం రెండుసార్లు చదువు.

మొదటి అంశం. నిమ్మనపల్లె రోడ్డులో నా పేరున ఉన్న రెండు సెంట్ల స్థలం మా అమ్మ అజీజాబీకి చెందాలి. ఆమె దాన్ని అమ్ముకున్నా సరే, కొత్తిమీర చల్లుకున్నా సరే. దానితోపాటు నా బల్ల సొరుగులో మాత్రల డబ్బా ఒకటి ఉండాది, అందులో ఏడు ఇత్తడి మరమేకులు. అవి అమ్మ కుట్టుమిషనులో సూదిని పట్టుకునే మరమేకులు. ఆ మిషను ఎంత పాతదంటే దాని మరమేకు చుట్టూ తిరిగే మెలిక, అంటే మర, బజారులో దొరికే ఏ మరతోనూ కలవదు. దానికి సరిపడే ట్యాపు యాడా దొరక్క (ట్యాపు అంటే ఏందో నాలుగో అంశంలో ఉండాది) నేనే ఒకటి తయారు చేసుకుని, దానితో బయటి మర కోసే డై తీసి, ఆ మరమేకులు చేసినాను. అమ్మ సంవత్సరానికి ఒకటి పోగొడుతుంది. ఏడు సంవత్సరాలకు సరిపోతాయి. ఆ తర్వాత కూడా కావాలంటే ఆ ట్యాపు ఆరో అంశంలో చెప్పిన మనిషి దగ్గర ఉంటుంది, పోయి అడుగు. సిగ్గుపడొద్దు.

రెండో అంశం. నా మోటారు సైకిలు మా అన్న ఉమర్‌కు. వెనక బ్రేకు కొత్తది వేయించినాను. దానితోపాటు ఐదు మీటర్ల కొలత టేపు ఒకటి కూడా ఆయనకే. ఈ టేపు కథ తెలియాల్సినవాళ్లకు తెలియాలి. పోయిన జూలైలో నేను మదనపల్లె ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టుకుని పడుకుని ఉండగా, ఉమరన్న పాత మిషన్లు కొని అమ్మే వ్యాపారిని ఒకణ్ణి తోలుకొచ్చి, ఇదే టేపుతో ఇనుమును కోసి తొలిచే నా మిల్లింగ్ మిషను పొడవు వెడల్పు కొలిపించినాడు. లారీలో పడుతుందా లేదా అని. అడిగితే, "ముందు జాగ్రత్త కదరా" అన్నాడు. అన్నా, నీకు నా మీద ప్రేమ లేదని నేను అనడంలేదు. ఆసుపత్రిలో రెండు రాత్రులు కుర్చీలో కూర్చున్నది నువ్వే. కానీ ఇనుము కనపడితే నీకు తూకమే కనిపిస్తుంది. ఈ టేపు పెట్టుకో. మిషను జోలికి మాత్రం రావద్దు.

మూడో అంశం. నా పుస్తకాలన్నీ మా చెల్లెలు సబాకు. కొన్నిట్లో అంచుల మీద నేను తిట్లు రాసినాను, రచయితలు తప్పు చెప్పినచోట. వాటిని చెరపొద్దు. ఈ వీలునామాను అమలుపరిచే అధికారం కూడా సబాకే ఇస్తాండాను. ఇంట్లో మగపిల్లోడు ఉండగా ఆడపిల్లకు ఎట్లా అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ పుస్తకాల్లో ఎర్ర అట్టది ఒకటి వాళ్ల చేతిలో పెట్టు, సబా. చదవకపోతే దానితోనే ఒకటి వెయ్.

నాలుగో అంశం. మా ఉస్తాద్ అలావుద్దీన్ గారికి, ఆయన నాకు పదహారేళ్ల వయసులో ఇచ్చిన మూడు చేతి ట్యాపుల జత తిరిగి ఇస్తాండాను. తెలియనివాళ్ల కోసం చెప్తాను. ట్యాపు అంటే నీళ్ల కొళాయి కాదు. ఇనుములో తొలిచిన రంధ్రం లోపల మర తీసే పనిముట్టు. చూసేదానికి మరమేకు మాదిరే ఉంటుంది, కానీ నిలువునా కాలవల మాదిరి గాళ్లు ఉంటాయి, ఆ గాళ్ల అంచులే కోస్తాయి. ఉస్తాద్ మరను చూడీ అంటాడు. "చూడీ తీయడం చెయ్యి పని కాదురా, చెవి పని" అనేవాడు. ట్యాపు మొద్దుబారితే కంటికి కనపడే ముందే చెవికి వినపడుతుంది. ఆ జతతో నేను తీసిన మొదటి మర నా పెళ్లాం కంటే ముద్దుగా ఉండాదని అన్నాడు. నాకు అప్పుడు పెళ్లి కాలేదు, ఇప్పటికీ కాలేదు. ఉస్తాద్, మీ చెవులు ఇప్పుడు సగమే వింటాయి. అయినా ఈ జత మీ దగ్గరే ఉండాల.

షాపులో ఉత్తరం కిటికీ కింద ఉన్న మెత్త కుర్చీ కూడా ఆయనదే. దాన్ని ఎవరూ జరపగూడదు. మధ్యాహ్నం అన్నం తిని ఆయన కళ్లు మూసుకునేది దాంట్లోనే.

ఐదో అంశం. షాపు ఎదురుగా టీ కొట్టు పెట్టిన పాపక్కకు నాలుగు ఇనుప కాళ్లు. ఆమె బల్ల పదేళ్లుగా ఊగుతాండాది, గ్లాసు పెడితే టీ ఒలుకుతుంది. నాలుగు కాళ్లకూ మర తీసి బోల్టులు బిగించినాను, ఏ మూల తక్కువైతే ఆ మూల తిప్పుకుంటే చాలు. బల్ల కింద బిగించే పని మిగిలిపోయింది. ఆరో అంశంలోని మనిషి బిగించాల. పాపక్క నా గురించి ఎంత కోపంగా మాట్లాడినా ఇవ్వాల్సిందే. ఆమె కోపం న్యాయమైనది, అది కూడా కిందనే వస్తుంది.

ఆరో అంశం. ఈ వీలునామాకు ప్రాణం ఇదే.

నా మిల్లింగ్ మిషను, పక్కనున్న సానపట్టే గ్రైండరు, ట్యాపును పట్టుకునే హోల్డరు, చెక్క పెట్టెలో వరసగా పెట్టిన ట్యాపులన్నీ, పుంగనూరు కాపురస్థుడు రామచంద్రప్ప గారి కూతురు సుమతికి సర్వహక్కులతో చెందాలి. అమ్ముకునే హక్కు, అద్దెకిచ్చే హక్కు, ఇష్టం లేకపోతే గుంత తీసి పూడ్చే హక్కు కూడా ఆమెదే.

ఎందుకో రాయకపోతే ఇది దానం మాదిరి కనపడుతుంది. ఇది దానం కాదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాండాను.

సుమతి ఐటీఐ చదివి మూడేళ్ల కింద మా షాపుకు వచ్చింది. రోజూ పుంగనూరు నుంచి మొదటి బస్సులో వచ్చేది. వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. ఆ మిషను మూతపడిన ఒక ఫ్యాక్టరీ వేలంలో నేను కొన్నప్పుడు తుప్పు పట్టి పోయింది. ఇద్దరం పదకొండు రోజులు కూర్చుని గీకి, నూనె పట్టించి, దాన్ని మనిషిని చేసినాం. నేనప్పుడు అందరికీ చెప్పుకున్నాను, సూడండప్పా, మా షాపులో ఆడపిల్ల మిల్లింగ్ చేస్తుంది, ఇది కదా సమానత్వం అని. ఒక మీటింగులో లేచి నిలబడి కూడా చెప్పినాను. చప్పట్లు కొట్టినారు.

మా షాపులో రెండు పద్ధతులు ఉండాయి, రెండూ ఉస్తాద్ పెట్టినవే. ఒకటి, ట్యాపు సానబట్టినవాడు దాని కాడ మీద తన గుర్తు చెక్కాలి. ఉస్తాద్‌ది ఒక గీత. నాది రెండు గీతలు. సుమతిది చుక్క. రెండోది, తలుపు పక్కన నీలం రంగు పలక. ఎవరు ట్యాపు విరగ్గొడితే ఆ విరిగిన ముక్కను పలకకు బిగించి, కింద వాళ్ల పేరు తెల్ల పెయింటుతో రాస్తాం. "దాచిపెడితే రేపు ఇంకోడు అదే తప్పు చేస్తాడు" అనేవాడు ఉస్తాద్. ఆయన పేరే పలక మీద తొమ్మిదిసార్లు ఉండాది. నాది నాలుగు. సుమతి పేరు రెండేళ్లు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈ సంగతి నాకు గర్వంగా ఉండేది. నిజం రాస్తాండాను కాబట్టి ఇది కూడా రాస్తాను: కొంచెం మంటగా కూడా ఉండేది.

పోయిన నవంబరులో కుప్పం నుంచి మునిరాజ గారు వచ్చినారు. ఆయనకు ఆడ గ్రానైట్ పలకలు కోసే యూనిట్ ఉండాది. కోసే మిషను తాలూకు గుండ్రటి ఉక్కు ప్లేటు పగిలింది, కొత్తది కావాల. ఇరవై నాలుగు రంధ్రాలు, అన్నీ అడుగు మూసుకున్న రంధ్రాలు, అన్నిట్లో పన్నెండు మిల్లీమీటర్ల మర. సాయంత్రానికి కావాల. సుమతి పొద్దున్నుంచీ నిలబడి ఇరవై మూడు తీసింది. ఇరవై మూడోది అయ్యేటప్పటికి మిషను ఆపి, "అన్నా, ట్యాపు అరుస్తాండాది. మొద్దుబారింది. సానబట్టుకొస్తాను, అరగంట" అనింది.

మునిరాజ గడియారం చూసుకుంటాండాడు. నేను ఆ ట్యాపు ఆమె చేతిలోంచి లాక్కుని గ్రైండరు దగ్గరికి పోయి ఐదు నిమిషాల్లో సానబట్టినాను. రెండు గీతలు చెక్కి ఇచ్చినాను. ఆమె గోటితో అంచు తడిమి, "అన్నా, వెనక ఎత్తుగా ఉన్నట్టుండాదే" అనింది, మెల్లగా, మునిరాజకు వినపడకుండా. నాకు ఒళ్లు మండింది. "నాకు నేర్పిస్తాండావా? దింపు" అన్నాను.

దింపింది. మూడు చుట్లు తిరిగి పుటుక్కున విరిగింది.

అప్పుడు నేనేమన్నానో ఇక్కడ మాట పొల్లు పోకుండా రాస్తాండాను, సబా ఇది అందరి ముందర చదవాల. "స్పీడు ఎక్కువ పెట్టి ట్యాపును సంపేసినావు. ఆడోళ్లకు మిషను ఇస్తే ఇంతే." నూట ముప్పై పుస్తకాలు చదివిన నోరు ఆ మాట అన్నది. ఉస్తాద్ కుర్చీలోంచి లేచి నిలబడినాడు. మునిరాజ వేరే పక్కకు తిరిగినాడు. టీ తెచ్చిన పాపక్క గ్లాసులు బల్ల మీద పెట్టకుండానే, "యాల నాయనా ఆ పిల్లను అట్ల కొరుకుతావు, నీ పళ్లు అరిగిపోను" అనింది.

సుమతి మిషను ఆపింది. వేస్టు గుడ్డతో మిషను బల్ల మీద ఇనుప పొడి తుడిచింది. నూనె రాసింది. కవరు కప్పింది. కంటికి పెట్టుకునే భూతద్దం తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత కుప్పంలో వేరే ఒక గ్రానైట్ యూనిట్ గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పనిలో చేరిందని విన్నాను. ఐటీఐలో జిల్లాకు రెండో ర్యాంకు వచ్చిన చెయ్యి లారీల నంబర్లు రాస్తాండాది.

విరిగిన ముక్కను ఉస్తాద్ రెండు రోజులు కూర్చుని, దాని గాళ్లల్లోకి నాలుగు సన్నటి ఉక్కు పుల్లలు దూర్చి, వెనక్కి తిప్పి తిప్పి బయటికి తీసినాడు. పలకకు నేనే బిగించినాను. కింద సుమతి పేరు నేనే రాసినాను. అక్షరాలు వంకర పోకుండా స్కేలు పెట్టి రాసినాను.

పోయిన నెల డాక్టరు బరువు ఎత్తొద్దనినాక, షాపులో ఊరికే కూర్చోలేక సొరుగులు సర్దుతాంటే ఆ ట్యాపు మిగిలిన సగం దొరికింది. కాడ మీద రెండు గీతలు. అప్పుడు సుమతి భూతద్దం తీసి పలక మీది ముక్కను చూసినాను. ట్యాపు పళ్లకు ముందు అంచు ఎత్తుగా ఉండి, వెనక భాగం కొంచెం దిగి ఉంటేనే అది ఇనుమును కోస్తుంది. వెనక ఎత్తైతే కోయదు, రుద్దుతుంది. రుద్ది రుద్ది బిగుసుకుని విరుగుతుంది. ఆ ముక్కకు నాలుగు పళ్ల వెనకా అద్దం మాదిరి మెరుస్తాండాది. ముందు అంచుకు ఒక్క గీత కూడా పడలేదు. ఆమె గోరు చెప్పింది నిజం. స్పీడు సరిగ్గానే ఉండాది. తప్పు సానలో ఉండాది, సాన నాది.

తొమ్మిది నెలలు ఆ పలక నా కళ్ల ముందరే ఉండాది. భూతద్దం నా బల్ల మీదనే ఉండాది. నేను చూడలేదు. చూస్తే కనపడుతుందని నాకు తెలుసు.

కాబట్టి మిషను సుమతికి. ఎవరైనా కోర్టుకు పోతే ఈ ఆరో అంశాన్నే నా సాక్ష్యంగా తీసుకోవాలి.

ఏడో అంశం. నేను పోయిన మరుసటి రోజు సబా నీలం పలక మీద సుమతి పేరు తుడిపించి, అదే చోట నా పేరు రాయించాలి. ఆ రోజు షాపులో ఉన్న ఉస్తాద్, మునిరాజ, పాపక్క ముగ్గురినీ పిలిచి వాళ్ల ముందర ఈ పని చేయాలి.

(ఈ ఏడో అంశం మీద అడ్డంగా గీత కొట్టినాను. గీత నాదే, పక్కన పొడి సంతకం కూడా నాదే. ఇది ఇక చెల్లదు. ఎందుకో పదో అంశంలో ఉండాది.)

ఎనిమిదో అంశం. నా తర్వాత ఆ మిషను ముందర ఎవరు నిలబడినా వాళ్లకు నా దగ్గర ఇవ్వడానికి ఈ నాలుగు మాటలే ఉండాయి. వీటిని ఆస్తిగానే లెక్కపెట్టండి.

ట్యాపును దవడలతో డ్రిల్లును పట్టే చక్కులో బిగించొద్దు. దాని కాడ గట్టిది, నున్నటిది, చక్కు దవడలు జారుతాయి. జారినచోట కాడకు గాట్లు పడతాయి, మరుసటిసారి ఇంకా జారుతుంది. కాడ చివర నాలుగు పలకలుగా ఉండేది ఎందుకనుకుంటాండారు? అక్కడ పట్టుకునే హోల్డరులోనే పెట్టండి. ఆ హోల్డరు కొద్దిగా పైకీ కిందికీ ఆడుతుంది, అది లోపం కాదు. పన్నెండు మిల్లీమీటర్ల ట్యాపు ఒక చుట్టుకు ఒకటిముప్పావు మిల్లీమీటరు తన దారిన తాను దిగుతుంది. మిషను దిగేది అంతే సమానంగా ఉండదు, ఎప్పుడూ కొంచెం ముందో వెనకో ఉంటుంది. ఆ తేడాను హోల్డరు మింగాల. హోల్డరు ఆడకపోతే ఆ తేడా అంతా మర మీద పడుతుంది. నేను మనుషులతో ఇట్లా కొంచెం ఆడి ఉంటే బాగుండేది.

అడుగు మూసుకున్న రంధ్రంలో పొడి కింద చేరుతుంది. రంధ్రం ఊదకుండా ట్యాపు దింపొద్దు. దింపబోయే లోతు కాడ మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

సానబట్టేటప్పుడు ముందు గాళ్లల్లో మురికి కడగండి. గ్రైండరు రెండు మొనల మధ్య నిలబెట్టి, ఒక్కో పంటి దగ్గర తిప్పి ఆపుకుని, నాలుగింటికీ సమంగా రాయి తాకించండి. ఒక పన్ను ఎత్తైతే పనంతా దాని నెత్తినే పడుతుంది, మిగతా మూడూ ఊరికే తిరుగుతాయి. ఉక్కు నీలం రంగు తిరిగితే ఆ ట్యాపు పని అయిపోయినట్టే, ఎవరికీ ఇవ్వొద్దు. చివరగా గోరు పెట్టి తడమండి. ఇంకొకరికి తడమడానికి ఇవ్వండి. వాళ్లు వెనక ఎత్తుందంటే గొంతు పెంచొద్దు, భూతద్దం తీయండి.

తొమ్మిదో అంశం. నా కళ్లు పనికొచ్చే వాళ్లకు ఇచ్చేయాలి. దీని గురించి మత పెద్దలతో వాదించాల్సి వస్తే, సబా, పచ్చ అట్ట పుస్తకంలో పన్నెండో పేజీ మడిచి పెట్టినాను. నా శవం ముందర ఎవరూ నా మంచితనం గురించి మాట్లాడొద్దు. పాపక్కకు మాత్రం మాట్లాడే హక్కు ఇస్తాండాను, ఏది పడితే అది.

పదో అంశం. పై తొమ్మిదీ పోయిన వారం రాసినాను. సంతకం పెట్టే ముందు ఆరో అంశం ఎవరికి చెందుతుందో వాళ్లకు చదివి వినిపించడం నా బాధ్యత అనిపించి, శుక్రవారం బస్సెక్కి కుప్పం పోయినాను. పలమనేరు దాటినాక ఒక రాయి మీద బస్సు ఎగిరితే నా గుండె తన సంగతి గుర్తు చేసింది. పోయినాను.

గ్రానైట్ యూనిట్ గేటు దగ్గర రేకుల గదిలో సుమతి లారీ నంబరు రాస్తాండాది. నన్ను చూసి లేవలేదు. కుర్చీ చూపించింది. నేను మొదటి అంశం నుంచి తొమ్మిదోదాకా చదివినాను. అమ్మ మరమేకుల దగ్గర నవ్వింది. ఉమరన్న టేపు దగ్గర నవ్వింది. ఆరో అంశంలో నేనన్న మాట చదివేటప్పుడు బయటికి చూసింది. అంతా అయినాక ఏడుస్తుందని, వద్దంటుందని, నేను బతిమాలాల్సి వస్తుందని అనుకున్నాను. దానికి కూడా మాటలు తయారు పెట్టుకున్నాను.

ఆమె అన్నది ఇది: "బాగా రాసినావన్నా. డాక్టరు ఏమన్నాడు, నూటికి తొంభై ఆరుమంది లేస్తారనా? అంటే నూటికి తొంభై ఆరు పాళ్లు నా పేరు ఆ పలక మీదనే ఉంటుంది. నన్ను తిట్టేదానికి నువ్వు సచ్చేదాకా ఆగలేదు కదా."

నేను నాలుగుసార్లు చదివి దిద్దిన కాగితం అది. కామాలు కూడా సరిచూసినాను. తప్పు ఒప్పుకునే పనిని నేను చస్తేనే చెల్లే కాగితంలో పెట్టినానని, బతికితే అది చెల్లదని, ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనియ్యలేదా, అది నేను ఇంకా తేల్చుకోలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ కోపం ఈసారి సరైన మనిషి మీదికే వచ్చింది.

ఆడనే పెన్ను తీసి ఏడో అంశం కొట్టేసినాను.

ఈ రోజు ఆదివారం. పొద్దున పదికి ఉస్తాద్‌ను, మునిరాజను, పాపక్కను షాపుకు పిలిపించినాను. ఫోన్ చేస్తే మునిరాజ, "ఏమప్పా, ఆపరేషన్ పెట్టుకుని పలకలు కడగడమేంది" అన్నాడు గానీ కుప్పం నుంచి కారులో వచ్చినాడు. సుమతి పుంగనూరు నుంచి వాళ్ల నాయనతో వచ్చింది. నేను థిన్నరు డబ్బా, గుడ్డ తీసుకుని పలక దగ్గరికి పోతాంటే, "ఆగన్నా, ముందు నన్ను సూడనీ" అనింది. తన భూతద్దం తీసుకుని, ఆ ముక్కను పలక మీంచి విప్పి, కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఉస్తాద్‌కు ఇచ్చింది. ఆయన చూసి మునిరాజకు ఇచ్చినాడు. మునిరాజకు ఏమీ అర్థం కాలేదు గానీ చాలాసేపు చూసినాడు. పాపక్క చూడనంది. "నాకు ఆ పొద్దే తెలుసు" అనింది.

అప్పుడు నేను అందరి ముందర ఇట్లా చెప్పినాను: ఈ ట్యాపును తప్పుగా సానబట్టింది నేను. విరగ్గొట్టింది నేను. సుమతి ముందే చెప్పింది, నేను వినలేదు. ఆ తర్వాత అన్న మాట ఇంకా పెద్ద తప్పు. చెప్పి, పేరు తుడిచినాను. తెల్ల పెయింటు ఒక్కసారికి పోలేదు, మూడుసార్లు రుద్దాల్సి వచ్చింది, రొప్పు వచ్చి మధ్యలో కూర్చున్నాను. సుమతి వాళ్ల నాయన నా చేతిలోంచి గుడ్డ తీసుకోబోతే ఆమె ఆపింది. "ఆయన్నే తుడవనీ నాయనా" అనింది. తుడిచినాను. నా పేరు రాసినాను. అయిదోది. స్కేలు లేకుండా రాసినాను, కొంచెం వంకర పోయింది, ఉండనీ.

పదకొండో అంశం. ఏ వీలునామాలోనూ ఇట్లాంటి అంశం ఉండదని నాకు తెలుసు. ఇది నేను చస్తే చెల్లదు, బతికితేనే చెల్లుతుంది. ఇవి సుమతి పెట్టిన షరతులు, నేను ఒప్పుకున్నవి.

రేపు సోమవారం నుంచి షాపు సుమతి నడుపుతుంది. నేను తిరిగి వచ్చినాక కూడా మిల్లింగ్ మిషను ఆమె చేతిలోనే ఉంటుంది, నేను గ్రైండరు దగ్గర ఉంటాను. నేను సానబట్టిన ఏ ట్యాపైనా ఆమె భూతద్దం కింద చూసి పక్కన చుక్క పెట్టేదాకా హోల్డరులోకి పోదు. ఆమె సానబట్టింది నేను చూసి గీతలు పెడతాను. నేను షాపులో గొంతు పెంచితే ఆమె మిషను ఆపి కవరు కప్పి ఇంటికి పోతుంది, మళ్లీ పిలవడానికి నేనే పుంగనూరు బస్సెక్కాల. షాపు బోర్డు మీద ఉస్తాద్ పేరు కింద రెండు పేర్లు రాయించాల, అక్షరాలు ఒకే ఎత్తు. నేను ఒప్పుకున్నాను. ఉమరన్న తలుపు దగ్గర నిలబడి అన్నీ విన్నాడు. పాపక్క బల్ల కాళ్లు బిగిస్తాంటే వంగి ఒక మూల పట్టుకున్నాడు.

గురువారం నాటి సంగతి డాక్టర్ల చేతిలో ఉండాది. మిగతాదంతా నేను చేయాల్సింది చేసేసినాను. ఈ కాగితాల్లో ఆరో అంశం ఎన్నటికీ అవసరం పడకూడదని నా పట్టుదల. పడితే మాత్రం ఒక్క అక్షరం కదలకూడదు.

సుమతికి లాభం ఉన్న కాగితం కాబట్టి ఆమెను సాక్షిగా పెట్టలేదు. సాక్షులు ముగ్గురూ ఆ రోజు చూసినవాళ్లే.

మదనపల్లె, 2025 సెప్టెంబరు 14, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర.

(సంతకం) షేక్ అజ్మల్

సాక్షులు:

1. అలావుద్దీన్, మదనపల్లె. సంతకం పెట్టేటప్పుడు అజ్మల్ చెయ్యి వణకలేదు, నేను చూసినాను. నాది వయసు మీద వణికింది.

2. మునిరాజ, కుప్పం. పలక మీద పేరు మారింది నా ముందరే.

3. పాపక్క, టీ కొట్టు. వేలిముద్ర కాదు, సంతకమే. ఆ పొద్దూ ఉండాను, ఈ పొద్దూ ఉండాను. బల్ల ఊగడంలేదు.